సద్దు వినిపించే ఇల్లు

ఉదయగిరి,
ప్రమాథి సంవత్సరం, చైత్ర బహుళ పంచమి.

చిరంజీవి తమ్ముడు జనార్దనయ్యను అక్క పెంచలమ్మ దీవించి వ్రాయించే ఉత్తరం.

ఇక్కడ నేను, నా మనవడు మాల్యాద్రి, రెండు బర్రెలు కరువు దాటి బతికి ఉన్నాం. అక్కడ నువ్వు, మరదలు వెంగమ్మ, మీ అబ్బాయి శీనయ్య సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఆత్మకూరులో కొట్టు పెట్టుకుని కూడా సుఖంగా లేకపోతే తప్పు నీదే.

సంగతి ఏమిటంటే, మాల్యాద్రికి పదేళ్లు నిండాయి. రెండేళ్లుగా మా వీధిలో రోశయ్య అయ్యవారి అరుగు మీద బడికి పోతున్నాడు. ఆ బడి ముందు నుంచి నువ్వు పదిసార్లు నడిచిపోయినా అది బడి అని నీకు తెలియదు. సద్దే ఉండదు. పద్నాలుగు మంది పిల్లలు వంగి కూచుని ఇసకలో వేలితో గీకుతుంటారు. అయ్యవారు వాళ్ల మధ్య కూచుని, కళ్లు సగం మూసుకుని, ఆ ఇసకనే పొద్దుగూకులూ తడుముతుంటాడు. "ఏంది అయ్యవారా, పిల్లోళ్లు నోరు తెరవరే?" అని అడిగాను. "నోటికొచ్చింది గాలికి పోతాది పెంచలమ్మా, చేతికొచ్చిందే నిలస్తాది" అన్నాడు. మట్టి పిసికే ముసలోడికి మాటలు మాత్రం బాగా వచ్చు.

ఇంటికొచ్చాక మాల్యాద్రిని ఏమి నేర్చుకున్నావురా అంటే, వాకిట్లో పుల్లతో ఏదో గీసి చూపిస్తాడు. అది అక్షరమో, కోడి కెలికిందో నాకెట్లా తెలిసేది? పిల్లవాడు మొద్దు. మీ శీనయ్య పోయినసారి వచ్చినప్పుడు ఊపిరి తిప్పుకోకుండా ఇరవయ్యో ఎక్కం దాకా అరిచి చెప్పాడు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. చదువంటే అట్లా వినపడాలి.

నాకు చదువు మీద ఇంత పట్టుదల ఎందుకో నీకు తెలుసు. కరువులో నా కొడుకు మాలకొండయ్య కాలువ పనికి పోయినప్పుడు అక్కడినుంచి ఒక కాగితం వచ్చింది. సర్కారు కాగితం, శిస్తు కట్టమని అయి ఉంటుందని భయపడి దూలంలో దోపాను. పదకొండు రోజుల తర్వాత దారిన పోయే గుమాస్తా ఒకాయనకు తీసి చూపిస్తే, నిలబడే చూసి, "నీ కొడుకు చనిపోయినాడమ్మా" అని చెప్పి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పదకొండు రోజులు నేను అన్నం తిన్నాను, వాడు వస్తాడని ఎదురు చూశాను. ఆ కాగితం ఇంకా దూలంలోనే ఉంది. తల్లీ తండ్రీ లేని ఈ బిడ్డ ఇంకొకరి నోటికోసం ఎదురు చూడకూడదు.

అందుకని మీ ఊళ్లో బడి దగ్గర ఒక ఇల్లు అద్దెకు చూడు. మాలకొండయ్య తవ్విన బావి ఉన్న చేను అమ్మేస్తాను. కొనేవాడు ఏరువాకకు ముందే కాగితం రాసుకోవాలంటున్నాడు. బండి పిచ్చయ్యకు ఈ ఉత్తరమిచ్చి, సంగతి నోటితో కూడా చెప్పమన్నాను.

దీన్ని రాసేది కూడా ఆ రోశయ్య అయ్యవారే. ఊళ్లో ఊరికే రాసిపెట్టేవాడు ఇంకొకడు లేడు. నేను చెప్పేదంతా విని, లోపలికి పోయి రాసుకొచ్చి, నాకు చదివి వినిపిస్తాడు. నా ముందు రాస్తే చెయ్యి నిలవదట. మాల్యాద్రి వెంట పోయి సిరా కలుపుతాడు. రెండేళ్లలో సిరా కలపడమన్నా వచ్చింది.

ఇట్లు, నీ మేలు కోరే అక్క,
పెంచలమ్మ నిశాని: ఒక అడ్డగీత.

మరొక మాట, అయ్యవారి తరఫున: పెంచలమ్మ మాటలను కాగితానికి తగినట్టు సర్దాను. తిట్లు మాత్రం చెప్పినవి చెప్పినట్టే ఉంచాను. 'ముసలోడు' అన్నచోట నా మనవి, నాకింకా యాభై నాలుగే.

*

ఆత్మకూరు,
చైత్ర బహుళ ద్వాదశి.

అక్కయ్య పెంచలమ్మ పాదాలకు తమ్ముడు జనార్దనయ్య మొక్కి వ్రాయించే విన్నపం.

పిచ్చయ్య ఉత్తరం ఇచ్చాడు, సంగతి చెప్పాడు. బావి చేను అమ్ముతావంటే మనసు చివుక్కుమంది. బిడ్డ చదువు కోసం అంటున్నావు, కాదనడానికి నేనెవరిని.

పిచ్చయ్య చెప్పేసినా, ముచ్చటకొద్దీ ఉత్తరాన్ని శీనయ్య చేత మళ్లీ చదివించాను. వాడు చదువుతుంటే చూడాలక్కా. కాగితం ఎటు పట్టుకున్నా వాడికి ఒకటే. వెంగమ్మ దాన్ని తలకిందులుగా ఇస్తే అట్లాగే పట్టుకుని గడగడా చదివేశాడు. మా బడి గొప్పతనం అది. ఇకమీదట టపాలోనే రాయించు, చదివేవాడు ఇంట్లోనే ఉన్నాడు.

ఇల్లు సంగతి విను. కరువుకు ముందు ఇక్కడ ఏ ఇల్లయినా నెలకు పావలా. ఇప్పుడు నాలుగు ఊళ్లవాళ్లు ఈ బడి కోసం వచ్చి పడ్డారు. బడి సద్దు గడపలోకి వినిపించే ఇల్లు నెలకు రూపాయి. వీధి మలుపు దాకా వినిపిస్తే ముప్పావలా. గాలి ఇటు తిరిగినప్పుడు మాత్రమే వినిపించే ఇల్లు అర్ధ రూపాయి. ఇల్లు చూడబోతే ఎవరూ గోడలు చూపించడం లేదు, "కాసేపు ఊరకుండి వినండి" అంటున్నారు. ఒకాయనతో రూపాయి ఎక్కువ కదా అన్నాను. "అన్నం తింటా ఉంటే ఎక్కాలు చెవిలో పడతా ఉండాయి, ఊరికే వస్తాయా?" అన్నాడు.

నీకు ఏది కావాలో రాయించు. వెంగమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు, నీ తమ్ముడు,
జనార్దనయ్య నిశాని: త్రాసు బొమ్మ.

ఇది వ్రాసిన పెంచలనరసయ్య మనవి: నేను తాలూకా కచేరీ వసారాలో అర్జీలు రాసి బతికేవాణ్ణి. ఆ బడి నాకు పక్క వీధే, రూపాయి సద్దు నాకు ఊరికే వస్తోంది. మొన్న ఒక రైతు అర్జీలో అతని భూమి ఎంతో రాయాల్సిన చోట 'ఏడు మూళ్లు ఇరవయ్యొకటి' అని రాశాను. ఆయనకున్నది మూడెకరాలే. ఇప్పుడు మిగతా పద్దెనిమిది ఎక్కడని అడుగుతున్నారు.

*

ఉదయగిరి,
వైశాఖ శుద్ధ తదియ.

చిరంజీవి తమ్ముడు జనార్దనయ్యకు అక్క దీవెనలు.

రూపాయి ఇల్లు నాకొద్దు. ఒక్క రూపాయి ఇచ్చి సద్దు కొనుక్కునేంత గొప్పదాన్ని కాను. గాలికి వినిపించే అర్ధ రూపాయి ఇల్లు చాలు. గాలి లేనప్పుడు మాల్యాద్రి నడిచిపోయి వింటాడు, వాడికి కాళ్లున్నాయి.

ఇంటికి కొట్టం ఉండాలి. ఒక బర్రెను ఇక్కడ అమ్మి, ఒకదాన్ని తోలుకొస్తాను. నేను వచ్చి, నా చెవులతో విని, సరేననే దాకా ఎవరికీ ఒక్క కాసు ఇవ్వొద్దు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో.

మీ అయ్యవారిని ఒక మాట అడుగు. నోరు తెరవని మొద్దు పిల్లవాడు ఒకడున్నాడు, వాణ్ణి అరిపించడం తన వల్ల అవుతుందా అని. కాదంటే ఇప్పుడే చెప్పమను. చేను అమ్మాక చెబితే నేనేం చేసుకోవాలి? ఏరువాక దగ్గరపడుతోంది. కొనేవాడు రోజూ వచ్చి బావిలోకి తొంగి చూసి పోతున్నాడు.

ఇట్లు, అక్క,
పెంచలమ్మ నిశాని: ఒక అడ్డగీత.

మరొక మాట, అయ్యవారి తరఫున: గాలి సద్దు ఇల్లు అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు పడమటి గాలి, బడికి తూర్పున చూడండి. కార్తీకంలో గాలి తిరిగితే అద్దె తగ్గించాలని ముందే రాయించుకోండి. నా బడి మానేవాడికి నేనే ఇల్లు చూపిస్తున్నానని తెలుసు. అయినా చేను అమ్మిన సొమ్ము గాలికి పోకూడదు.

*

ఆత్మకూరు,
వైశాఖ శుద్ధ దశమి.

అక్కయ్య పాదాలకు తమ్ముడి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. శీనయ్య ఒక్క గుక్కలో చదివేశాడు. బర్రె ఈనిందని, పెయ్యదూడ పుట్టిందని విని మేమంతా సంతోషించాం. ఎర్రదా, నల్లదా రాయలేదు.

అర్ధ రూపాయి ఇళ్లు వద్దు, బడి ఎదుట వరసలో మామిడి చెట్టు ఉన్న ఇల్లే కావాలి, మూడు నెలల అద్దె వెంటనే కట్టెయ్ అని నువ్వు రాశావు. నీ మాట కాదనలేక అట్లాగే కట్టేశాను. ఇంటాయన వెంటనే తాళంచెవి ఇచ్చాడు. చెట్టు నిండా కాయలు. ఇల్లు ఎట్లా ఉందో చూడటానికి శీనయ్య రోజుకు రెండుసార్లు పోయి వస్తున్నాడు.

శీనయ్యకు రోజూ ఇంత బెల్లం పెట్టమన్నావు, పెడుతున్నాం. మేనత్తకు ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్లూ తెలియలేదని వెంగమ్మ కంటతడి పెట్టుకుంది. వాణ్ణి కొట్టొద్దని కూడా రాయించావట. నిన్న ఉప్పు బస్తా మీద నీళ్ల కుండ ఒలకబోశాడు. చెయ్యెత్తి, నీ మాట గుర్తొచ్చి దించేశాను.

ఇట్లు, తమ్ముడు,
జనార్దనయ్య నిశాని: త్రాసు బొమ్మ.

ఇది వ్రాసిన పెంచలనరసయ్య మనవి: మీ ఉత్తరాలు నా కంటబడవు, జనార్దనయ్య గారు నోటితో చెప్పిందే రాస్తాను. జున్ను ఎవరికైనా పంపే ఆలోచన ఉంటే, కచేరీ వసారాకు కూడా బండ్లు వస్తాయని తెలియజేసుకుంటున్నాను.

*

ఉదయగిరి,
వైశాఖ పున్నమి.

తమ్ముడు జనార్దనయ్యకు పెంచలమ్మ రాయించేది.

దీవెనలు ఈసారి లేవు. నీ ఉత్తరం విన్నాక లేచిపోయి బర్రెలను చూసి వచ్చాను. ఏదీ ఈనలేదు. రెండూ చూలు కూడా కావు. ఎందుకైనా మంచిదని పక్కింటి బర్రెను కూడా చూశాను.

రూపాయి ఇల్లు వద్దని కదా నేను చెప్పింది? కాసు ఇవ్వొద్దని కదా చెప్పింది? బెల్లం సంగతి నేనెందుకు ఎత్తుతాను? నా మనవడికే పండగకు తప్ప పెట్టను. అద్దె తిరిగి తీసుకో. ఇవ్వనంటే ఆ ఇంటి ముందు కూచుని ఏడువు.

ఇది ఎట్లా జరిగిందో నాకు అర్థమైంది. నేను చెప్పేది ఒకటి, ఈ రోశయ్య అయ్యవారు లోపలికి పోయి రాసేది ఒకటి. పిల్లవాడు బడి మారతాడని కడుపుమంట. పోయి అరుగు మీదే అడిగాను. "నేను దొంగమాట రాయలేదు పెంచలమ్మా. ఎవురి చేతనైనా చదివించుకో" అన్నాడు. "చదివేవాళ్లు ఇంకొకరుంటే నీ గడప ఎందుకు తొక్కుతాను, దొంగ అయ్యవారా" అన్నాను. ఆయన ఇసక చదును చేసుకుంటూ కూచున్నాడు.

ఆ రోజు నుంచే మాల్యాద్రిని బడి మాన్పించాను. వాడు బర్రెల కొట్టంలో మొహం దాచుకుని ఏడ్చాడు. రెండు పూటలు అన్నం తినలేదు. ఏమీ నేర్పని బడికోసం అంత ఏడుపెందుకో నాకు తెలియదు. నాకూ బాధేసింది. తీరా ఉత్తరం రాయమంటే, సిరా కలిపేవాడు లేనిదే రాయలేనని ఆయన పట్టుబట్టాడు. ఈ ఒక్క పనికి పంపుతున్నాను.

పెంచలమ్మ నిశాని: ఒక అడ్డగీత, ఈసారి లావుగా.

మరొక మాట, అయ్యవారి తరఫున: పైన 'దొంగ' అనే మాట రెండుసార్లు వచ్చింది. మొదటిది నేను వాడాను, రెండోది ఆమె సరిచేసింది. మాల్యాద్రి రాకపోతే ఈ బడి నాలుగు రోజుల్లో మూతపడుతుంది. ఎందుకో ఇప్పుడు చెప్పలేను.

*

ఆత్మకూరు,
వైశాఖ బహుళ ఏకాదశి.

ప్రేమగల అక్కయ్య పాదాలకు తమ్ముడి నమస్కారాలు.

ఇంత సంతోషంగా నువ్వు ఎప్పుడూ రాయించలేదు. ఇల్లు నచ్చిందన్నావు, అది చాలు. దూడ తెల్లచుక్కతో ఉందని శీనయ్య చదివితే వెంగమ్మ దానికి చుక్కమ్మ అని పేరు కూడా పెట్టింది.

సామాను తేవడానికి రెండు బండ్లు పంపమన్నావు, పంపాను. నువ్వు వచ్చేదాకా శీనయ్యను ఎండలో బడికి పంపొద్దని, ఆ మామిడి చెట్టుకు కాపలా పెట్టమని రాశావు. వాడు పాపం పొద్దున పోతే సాయంత్రానికి గాని రావడం లేదు. కాపలా బాగానే ఉంది గాని, కాయలు తగ్గిపోతున్నాయి.

ఇక్కడ ఇంకో వింత. మా బడి అయ్యవారు ఇన్నాళ్లూ పిల్లలను తూర్పు ముఖంగా కూచోబెట్టేవాడు. పడమటి వీధివాళ్లు పోయి ఏం మాట్లాడుకున్నారో, మొన్నటినుంచి పిల్లలంతా పడమటికి తిరిగి అరుస్తున్నారు. ఆ వీధిలో అద్దెలు పావలా పెరిగాయి. మన ఇల్లు తూర్పున ఉంది. ఇప్పుడు మనకు పిల్లల వీపులు కనిపిస్తున్నాయి గాని ఎక్కాలు సరిగా వినిపించడం లేదు. "అద్దె తగ్గించు" అంటే, "వీపు దగ్గరయినా దగ్గరే కదా" అంటున్నాడు ఇంటాయన.

నీ రాక కోసం ఎదురు చూస్తూ,
జనార్దనయ్య నిశాని: త్రాసు బొమ్మ.

ఇది వ్రాసిన పెంచలనరసయ్య మనవి: కచేరీ పడమటి వీధిలో ఉంది. నేను చెవుల్లో దూది పెట్టుకుని రాస్తున్నాను. జనార్దనయ్య గారు ఏదైనా మాట చెబితే అది ఇందులో రాకపోయి ఉంటే క్షమించాలి.

*

ఉదయగిరి,
జ్యేష్ఠ శుద్ధ తదియ.

తమ్ముడు జనార్దనయ్యకు అక్క పెంచలమ్మ.

నీ రెండు బండ్లు వచ్చి నా వాకిట్లో నిలబడ్డాయి. నాలుగు ఎద్దులు నా గడ్డి తింటున్నాయి. బండివాళ్లు "దూడ ఎక్కడమ్మా, దాన్ని జాగర్తగా ఎక్కించమన్నారు" అని అడుగుతున్నారు.

ఏరువాక ముందు రోజు, చతుర్దశినాడు చేను కాగితం రాసివ్వాలి. నాకు దిక్కు తోచలేదు. చివరికి మళ్లీ ఆ రోశయ్య అయ్యవారి అరుగు మీదికే పోయి కూచున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నీ ఉత్తరాలన్నీ మొదటినుంచీ చెప్పి, "ఒకటి గమనించు పెంచలమ్మా. ప్రతి ఉత్తరంలో బెల్లం ఎవరి నోట్లో పడతా ఉండాది? మామిడికాయలు ఎవరికి? దెబ్బలు ఎవరికి తప్పినాయి?" అన్నాడు.

నేను నమ్మలేదు. ఇరవయ్యో ఎక్కం అరిచి చెప్పిన పిల్లోడికి రెండు ముక్కలు చదవను రాకుండా ఉంటుందా? "అరవను వచ్చు. చదవను వచ్చో రాదో చూస్తే పోలే" అన్నాడు ఆయన.

అందుకే ఈ ఉత్తరం మీ ఇంటికి పంపలేదు. పంపితే ఇందులోనూ దూడే పుడుతుంది. నీ ఉత్తరాల కింద ఎప్పుడూ పేరు పెట్టుకునే పెంచలనరసయ్య గారికి, కచేరీ వసారాకు పంపుతున్నాను. అయ్యా, దూది తీసి వినండి. ఈ ఉత్తరం మా తమ్ముడికి మీరే చదవండి. పాతవి కూడా తెప్పించి చదవండి. చదివి, నేను రూపాయి ఇల్లు కావాలన్నానో లేదో చెప్పండి. మీ జవాబు చతుర్దశిలోపల నాకు చేరాలి. చేరకపోతే చేను పోతుంది.

పెంచలమ్మ నిశాని: ఒక అడ్డగీత.

మరొక మాట, అయ్యవారి తరఫున: ఉత్తరం పైన మీ పేరు రాయాలనే ఉపాయం నాది కాదు, సిరా కలిపేవాడిది.

*

ఆత్మకూరు,
జ్యేష్ఠ శుద్ధ అష్టమి.

అక్కా, ఏ మొహంతో మొక్కాలో తెలియక మొక్కుతున్నాను.

పెంచలనరసయ్య గారు నీ ఉత్తరాలన్నీ కచేరీ వసారాలో, పదిమంది ముందు చదివారు. బెల్లం లేదు. దూడ లేదు. కాసు ఇవ్వొద్దని అన్నావు, ఉంది. ఇంటి ముందు కూచుని ఏడవమన్నావు, అదీ ఉంది. అందరూ నవ్వారు. నేనూ కాస్త నవ్వాను.

శీనయ్యను పిలిపించాను. కచేరీ గోడకు అంటించిన నోటీసు చూపించి చదవమన్నారు ఆయన. వాడు చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, "ఇక్కడ మేమంతా క్షేమం, బర్రె ఈనినది, శీనయ్యకు బెల్లం పెట్టవలెను" అని గడగడా చదివాడు. అది చెరువు తూము మరమ్మతు నోటీసట.

"ఏరా, ఇట్లా చేసినావే" అంటే వాడేమన్నాడో తెలుసా? "నాయనా, మా బడిలో అందరం ఇట్లనే చదవతాం. అయ్యవారు ముందు చెప్తాడు, మేం వెనక అరస్తాం. కాగితం చూడమని ఎవురూ చెప్పలా. ఉత్తరంలో ఏముండాదో ఎవురూ ముందు చెప్పకపోతే నేనేం చేసేది?" అన్నాడు. కొట్టడానికి చెయ్యి రాలేదక్కా. మూడేళ్లుగా వాడి అరుపు విని మురిసిపోయింది నేనే. తప్పు వాడి నోటిది కాదు, నా చెవులది.

ఇంటాయన అద్దె తిరిగి ఇవ్వనన్నాడు. ఆ ఇంట్లో నా కొట్టు ఎండుమిరప బస్తాలు వేయించాను. పడమటి గాలి ఆగి తూర్పు గాలి వీచిందంటే బడి మొత్తం తుమ్ముతోంది. ఎక్కం మధ్యలో ఆగిపోతోంది. ఇంటాయనే వచ్చి బస్తాలు తీయమని బతిమాలుతున్నాడు.

చేను అమ్మొద్దని చెప్పను. మీ అయ్యవారి బడి ఎట్లాంటిదో నాకు తెలియదు. బడులను తూచడం ఇక నేను మానేశాను. బండ్లు తిరిగి పంపెయ్.

ఇట్లు, తెలివి తక్కువ తమ్ముడు,
జనార్దనయ్య నిశాని: త్రాసు బొమ్మ.

ఇది వ్రాసిన పెంచలనరసయ్య మనవి: మీ ఉత్తరాలు నాలుగూ ఇప్పుడే నా కంటబడ్డాయి. ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను, ఎవరి చెయ్యి ఎట్లాంటిదో చూస్తే చెబుతాను. ఇది యాభై నాలుగేళ్ల చెయ్యి కాదు. అక్షరం ఒక్కటి తప్పు లేదు. కాని ప్రతి అక్షరం కాగితం వెనకవైపు వేలికి తగిలేంత నొక్కి రాసి ఉంది. పెంచలమ్మ గారూ, ఇవి ఎవరు రాస్తున్నారో మీ అయ్యవారిని అడగండి.

*

ఉదయగిరి,
ఏరువాక పున్నమి.

జనార్దనయ్య తాతకు మనవడు మాల్యాద్రి మొక్కి, తన చేత్తో తానే వ్రాసుకునే ఉత్తరం.

తాతా, ఇంతకుముందు వచ్చినవన్నీ కూడా నేనే రాశాను. మా అయ్యవారికి రెండు కళ్లలోనూ పొర కమ్మింది. ఏడాదిగా ఆయనకు వెలుతురు తప్ప ఏమీ కనిపించదు. మేము ఇసకలో లోతుగా రాస్తే, వేలు పెట్టి తడిమి తప్పులు చెబుతారు. అందుకే నా చెయ్యి నొక్కి రాయడం అలవాటైంది. అవ్వ చెప్పింది ఆయన గుర్తుపెట్టుకుని లోపల నాకు చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. మీ ఉత్తరాలు నేను చదివి వినిపిస్తే, ఆయన గుర్తుపెట్టుకుని అవ్వ ముందు చదివినట్టు చెప్పేవారు. కళ్లు లేవని తెలిస్తే పిల్లలను మాన్పిస్తారని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. 'పిల్లవాడు మొద్దు' అని నా గురించి నేనే రాయాల్సి వచ్చింది. రెండోసారి కాస్త చిన్న అక్షరాలతో రాశాను.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. చేను కొనేవాడు అప్పటికే సంచి తెచ్చి మా అరుగు మీద కూచున్నాడు. అయ్యవారు పుల్ల పట్టుకుని తడుముకుంటూ మా ఇంటికి వచ్చి, "మాల్యాద్రీ, ఒట్టు తీసేసినాను. ఈ ఉత్తరం నువ్వే చదువు, కిందిది కూడా వదలబాక" అన్నారు. చదివాను. కిందిది కూడా చదివాను.

అవ్వ ఉత్తరం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "వీడూ నోటికొచ్చింది చెప్తా ఉండాడేమో, నాకేం తెలుసు" అంది. బల్ల ఎక్కి, దూలంలోంచి నాయన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నాయన గుడ్డల మూటలోని వాసనే దానికీ ఉంది.

దాని మొదటి వరస మాత్రమే ఆ గుమాస్తా చదివాడు తాతా. కింద ఇంకా ఆరు వరసలున్నాయి. నాయనతో కాలువ తవ్విన మేస్త్రీ రాశాడు. జ్వరంలో నాయన అవ్వకు చెప్పమన్న మాటలట. 'ఈ కరువులో కూడా మన బావిలో నీళ్లు ఉండాయి. ఏం వచ్చినా ఆ చేను వదలొద్దు. మాల్యాద్రిని రోశయ్య అయ్యవారి దగ్గర బడిలో వేయి. చిన్నప్పుడు నాకు నాలుగు అక్షరాలు చెప్పినాడు, ఆయన కొట్టడు.' అంతే ఉంది. నేను చిన్నగానే చదివాను, అయినా అవ్వకు వినపడింది.

అవ్వ కూచుండిపోయి ఏడ్చింది. రెండేళ్లు ఆ మాటలు ఆమె తలపైన దూలంలోనే ఉన్నాయి. తర్వాత లేచి, మొహం కడుక్కుని, చేను కొనేవాడితో "నీ సంచి తీసుకోని పో నాయనా" అంది. అయ్యవారి చెయ్యి పట్టుకుని మా అరుగు మీద కూచోబెట్టింది. వీధికి వినపడేట్టు, "కండ్లుండే అయ్యవారు నా తమ్ముడి కొడుక్కి అరుపు నేర్పినాడు, కండ్లు లేని అయ్యవారు నా మనవడికి చదువు నేర్పినాడు. బిడ్డను మాన్పించేవాళ్లు ఎవురైనా ఉంటే నాతో మాట్లాడి మాన్పించండి" అంది. ఎవరూ రాలేదు. అవ్వతో మాట్లాడటం వాళ్లకు ఇష్టం లేదు.

ఈరోజు పొద్దున బావి చేనులో ఏరు కట్టాం. మీ బండ్లు ఊరికే తిరిగి పోవడమెందుకని, అవ్వ వాటితో చేనికి పెంట తోలించింది. బండివాళ్లకు కోపంగా ఉంది, మీరు ఏమైనా చెప్పుకోండి. శీనయ్య మామను ఇటు వచ్చే బండిలో ఎక్కించి, ఇక్కడి బడికి పంపమని అవ్వ చెప్పింది. మా వీధిలో ఏ ఇంటికీ బడి సద్దు వినపడదు, కాబట్టి అన్ని ఇళ్లకూ పావలానే అద్దె. మామకు అది కూడా అక్కర్లేదు, మాతోనే ఉండొచ్చు. బెల్లం మాత్రం పండగకే.

ఇట్లు, మీ మనవడు,
మాల్యాద్రి.

మరొక మాట: పెంచలనరసయ్య గారికి నా నమస్కారాలు. బర్రె నిజంగా ఈనితే జున్ను పంపుతాం.

ఇంకొక మాట: ఇకమీదట ఎవరు ఏది చదివినా నమ్మేది లేదని అవ్వ చెప్పింది. ఈ మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోయాక అయ్యవారి ఎదుట కూచుని ఇసకలో వేలు పెట్టింది. ఆయన తడిమి చూసి మూడుసార్లు చెరిపేశారు. నాలుగోసారి తల ఊపారు. అందుకని ఈ ఉత్తరంలో ఆమె అడ్డగీత లేదు. కింద ఉన్న అక్షరం నేను రాసింది కాదు. కాగితం చిరిగింది చూడండి, అంత గట్టిగా నొక్కింది.

పె